చార్జి ఎవరి దగ్గర ఉంది?

ఈరోజు పొద్దున నేనొక తప్పు చేశాను. చేస్తున్నంతసేపూ మంచిపని చేస్తున్నాననే అనుకున్నాను. నా తప్పుల్లో చాలావాటికి ఇదే లక్షణం.

బందరు పరాసుపేటలో వారం కిందట ఒక పెద్దాయన పోయారు. నాకు చుట్టం కాదు. బాబాయిగారూ అని పిలిచేవాణ్ణి. ఆయనకి ఒక్కతే కూతురు, మొవ్వ దగ్గర బళ్ళో టీచరు. పెద్దకర్మ కార్డులో ఏం వేయాలో రూళ్ళ కాగితం మీద రాసి, ఒకసారి చూడమని నా చేతికిచ్చింది. తండ్రి పేరు కింద ఇలా ఉంది: "రిటైర్డ్ సీనియర్ అసిస్టెంటు, రెవెన్యూ శాఖ. మూడు వారాలు ఇన్‌ఛార్జి సూపరింటెండెంటు."

"ఇదేంటమ్మా, మూడు వారాలు, ఇన్‌ఛార్జి అనీ! కార్డులో ఏం బావుంటుంది?" అన్నాను. "రిటైర్డ్ సూపరింటెండెంటు అని వేయిద్దాం. హుందాగా ఉంటుంది."

"నాన్న ఒప్పుకునేవారంటావా అన్నయ్యా?"

"ఆయన గౌరవం కోసమేగా చేసేది. నాకొదిలెయ్."

ఆ అమ్మాయి కాగితం నాకే వదిలేసింది. వారం రోజులుగా వచ్చేపోయేవాళ్ళకి జవాబు చెప్పి అలిసిపోయి ఉంది. నేను పెన్ను తీసి రెండు వరుసలు కొట్టేసి, వాటి స్థానంలో ఒకటి రాశాను. కోనేరు సెంటరులో ప్రెస్సులో ఇచ్చి గుడివాడ బస్సెక్కాను. పెడన దాటేదాకా తృప్తిగానే ఉంది.

గుడివాడలో ఎరువుల కొట్టు మేడ మీద నాకు చిన్న ఆఫీసుంది. ఎక్కడెక్కడి పాత కాగితాలో ఫొటోలుగా మా కంప్యూటర్లలోకి వస్తాయి. వాటిని చూసి టైపు చేసి పంపడం మా పని. పొద్దున ఆఫీసుకొచ్చి ఏదో కాగితం కోసం సొరుగు లాగితే అడుగున బాబాయిగారి అట్ట కనపడింది.

మందపాటి శుభలేఖ ఒకటి తీసుకుని, దాని మధ్యలో ఒకే ఒక్క వరుస పట్టేంత సన్నని కిటికీ కోసుకున్నారాయన. పాత రాత చదివేటప్పుడు దాన్ని కాగితం మీద పెట్టి, వరుస తర్వాత వరుసకి జరుపుకుంటూ వచ్చేవారు. పై వరుస కనపడదు, కింది వరుసా కనపడదు. "కింద ఏముందో ముందే చూస్తే కన్ను తనకి కావలసింది చదువుకుంటుందయ్యా" అనేవారు. అట్ట వెనక ఎవరిదో పెళ్ళికూతురి పేరు సగం ఇంకా ఉంది.

ఆ కిటికీలోంచి చూస్తున్నట్టుగా, పొద్దున నేను కొట్టేసిన వరుస ఒక్కటే నా కళ్ళముందు కనపడింది. ఆయన పనిలో ఇలా కొట్టేయడం నాకిది రెండోసారి.

ఏడేళ్ళ కిందట మాకొక పని వచ్చింది. కరీబియన్ సముద్రంలో ఒక చిన్న దీవి. మన దివిసీమలో సగం కూడా ఉండదు. ఇంగ్లీషువాళ్ళు పాలించినన్నాళ్ళూ దానికి ఒక పాలనాధికారి ఉండేవాడు. ఎవరి తర్వాత ఎవరు వచ్చారు, ఎప్పుడు బాధ్యత తీసుకున్నారు, ఎప్పుడు వదిలారు, ఏం ఉత్తరాలు రాశారు, అన్నీ గుమాస్తాల చేతిరాతలో ఉన్నాయి. ఆ దీవి పాత రికార్డులు భద్రపరిచే సంస్థ ఒకటి వాటిని మాకు పంపింది. మా అమ్మాయిలకి ఆ వంపుల రాత ఒక్క ముక్క కొరుకుడు పడలేదు. బందరు రికార్డు రూములో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు, పాత దస్తావేజులు గడగడా చదివేస్తారు అని ఎవరో చెబితే కబురు చేశాను.

పొద్దున పాసెంజరు బండి దిగి, గుడ్డసంచీతో మేడ ఎక్కి వచ్చారు. తెరకి బారెడు దూరంలో నిలబడి కళ్ళజోడు పైకి, కిందకి జరుపుకుని చూశారు.

"ఈ చెయ్యి నాకు తెలుసు" అన్నారు.

"ఎక్కడ చూశారండీ?"

"మన రికార్డు రూములోనే. దొరలు మారతారు గానీ గుమాస్తాలందరిదీ ఒకే చెయ్యయ్యా. సముద్రం అవతలైనా అంతే."

ఆ రోజు నుంచి ఏడు నెలలు వచ్చారు. ముందు చేత్తో తెల్లకాగితం మీద నకలు రాసేవారు. దాన్ని చూసి నాగమణి అనే అమ్మాయి టైపు చేసేది. తర్వాత ఇద్దరూ కూర్చుని సరిచూసేవారు. ఒకరు మూలం పైకి చదవాలి, రెండోవారు నకలు మీద వేలు పెట్టుకుని "ఉంది" అనాలి. కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా చదవాల్సిందే. రికార్డు రూములో ముప్పై ఏళ్ళు అలాగే చేశారట. మధ్యాహ్నంపూట మా ఆఫీసులో ఆయన గొంతు ఒక పూజ జరుగుతున్నట్టు వినపడేది.

"కామా."

"ఉంది తాతగారూ."

"క్యాపిటల్ జి."

"ఉంది."

"ఫుల్‌స్టాప్."

"ఉంది."

"నిద్రలో అంటున్నావా, చూసే అంటున్నావా?"

"చూసే తాతగారూ, ఒట్టు!"

"ఒట్లెందుకు, వేలు జరుపు."

ఆ దీవి అధికారులందర్నీ ఆయన మన ఆఫీసర్లలాగే చూసేవారు. క్యారేజీ విప్పి అన్నం కలుపుకుంటూ కబుర్లు చెప్పేవారు. "ఈయన ఆఫ్రికా నుంచి ట్రాన్స్‌ఫరు మీద వచ్చాడమ్మా. రాగానే ఇల్లు బాలేదని ఫిర్యాదు. మన అవనిగడ్డ క్వార్టర్లు చూస్తే ఏమనేవాడో!" "ఈయన భార్యకి ఎండ పడలేదట. సెలవు పెట్టి స్వదేశం వెళ్ళాడు." అలాగని దొరలంటే ఆయనకి భక్తి ఏమీ లేదు. పరాసుపేట, వలందపాలెం, ఇంగ్లీషుపాలెం అని ఫ్రెంచివాళ్ళ పేరూ డచ్చివాళ్ళ పేరూ ఇంగ్లీషువాళ్ళ పేరూ పేటలకి పెట్టుకుని మోస్తున్న ఊరు ఆయనది. ఒక అధికారి కూలివాళ్ళని కొరడాతో కొట్టమని ఇచ్చిన ఉత్తర్వు వచ్చినప్పుడు మాత్రం ఆ పేరు రెండుసార్లు సరిచూశారు. "ఈ పేరు తప్పు పోకూడదు. రేపు ఎవరైనా అడగాలంటే ఎవర్ని అడగాలో తెలియాలిగా" అన్నారు.

ఒక అధికారి ఓడెక్కి వెళ్ళి, ఇంకో అధికారి ఓడ దిగేదాకా నెలో రెండు నెలలో ఖాళీ ఉండేది. అక్కడికి రాగానే బాబాయిగారు చదవడం ఆపేసి నాగమణిని అడిగేవారు:

"కొత్తాయన దిగాడా?"

"ఇంకా లేదు తాతగారూ."

"పాతాయన వెళ్ళిపోయాడు కదా. మరి చార్జి ఎవరి దగ్గర ఉందమ్మా?"

అది తేలేదాకా ముందుకి కదిలేవారు కాదు. ఉత్తరాలన్నీ తిరగేసి, కింద సంతకాలు చూసి, "తాత్కాలికంగా బాధ్యతలో" అన్న చిన్న మాట పట్టుకుని, ఆ పేరు జాబితాలో చేర్చేవారు. ఒకసారి డాక్టరు, ఒకసారి మేజిస్ట్రేటు, ఒకసారి ఖజానా గుమాస్తా. అలాంటివి ఏడు పేర్లు తేలాయి.

ఖజానా గుమాస్తా ఆ దీవిలోనే పుట్టినవాడు. అధికారి సెలవులో ఉండగా పెద్ద తుపాను వచ్చింది. ఆరు వారాలు దీవి అతని చేతిలో ఉంది. పై అధికారులకి రోజుకో ఉత్తరం రాశాడు. కలప పంపండి, మేకులు పంపండి. మర్నాడు మళ్ళీ అదే: మేకులు పంపండి.

"ఒక్కరోజు కూడా వదల్లేదయ్యా" అన్నారు బాబాయిగారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "ఇళ్ళు లేచిపోయిన చోట మేకు విలువ ఎంతో అతనికి తెలుసు."

అప్పుడు నేను వెటకారంగా ఒక మాట అన్నాను. "ఆరు వారాల మనిషి కోసం మీరు రెండు రోజులు వెతికారు బాబాయిగారూ. మనకి గడువు దగ్గరపడుతోంది."

ఆయనకి కోపం రాలేదు. సంచీలోంచి మంచినీళ్ళ సీసా తీసి తాగి చెప్పారు. ఉప్పెన వచ్చినప్పుడు ఆయన దివిసీమలో ఒక చిన్న ఆఫీసులో కొత్త గుమాస్తా. ఆఫీసరుగారు కూతురి పెళ్ళికని సెలవు మీద ఊరెళ్ళారు. దారులు తెగిపోయి తిరిగి రాలేకపోయారు. చార్జిలో ఉన్నది పెద్దగుమాస్తా. గోడౌను తెరవడానికి తనకి అధికారం ఉందో లేదో ఆయనకి తెలియదు. నడుముల్లోతు బురదలో నిలబడి, ఒక తలుపుచెక్క మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. బియ్యం బయటికొచ్చాయి.

"పదకొండు రోజులు సంతకాలన్నీ ఆయనవే. తర్వాత ఆఫీసులో పేర్ల బోర్డు పెట్టారు. అందులో ఆ తేదీలు సెలవులో ఉన్నాయన పేరు కింద ఉన్నాయి. అదేం తప్పు కాదు, ఇన్‌ఛార్జిల పేర్లు బోర్డెక్కవు. ఆఫీసరుగారు కూడా మంచివాడే. కానీ ఆ తలుపుచెక్క పట్టుకుంది నేనయ్యా ప్రొప్రయిటరూ. నేను పోతే ఆ సంగతి ఎవరికీ తెలియదు."

ఆయనకి నామీద చిరాకొస్తే ప్రొప్రయిటరూ అనేవారు.

ఇంత విన్నాక కూడా నేను చేసిన పని ఇది. చివరి వారంలో జాబితా కంప్యూటర్లోకి ఎక్కించాం. ఆ దీవివాళ్ళు పంపిన ఫారం ఒకే తేదీల్లో ఇద్దర్ని ఒప్పుకోదు. అధికారి సెలవులో ఉన్నా, ఓడెక్కి వెళ్ళిపోయినా, కొత్తాయన దిగేదాకా కాగితాల్లో పదవి ఆయనదే కాబట్టి, ఇన్‌ఛార్జి తేదీలు ఆయన తేదీల మీద పడ్డాయి. ఏడుచోట్ల ఎర్రగీతలు వచ్చాయి. ఎర్రగీతలతో పంపితే పని వెనక్కొస్తుంది. బాబాయిగారు ఆ రోజు రాలేదు. నేను కూర్చుని ఏడు పేర్లూ తీసేశాను. ఎర్రగీతలు పోయాయి. చాలా శుభ్రంగా కనపడింది.

నెల తర్వాత ఆ దీవి నుంచి ఉత్తరం వచ్చింది. ఒకావిడ తన ముత్తాత తుపాను రోజుల్లో దీవి బాధ్యత చూశాడని ఇంట్లో చెప్పుకుంటారనీ, జాబితాలో ఎందుకు లేడనీ అడిగిందట. మేకుల కోసం ఉత్తరాలు రాసిన గుమాస్తా ఆమె ముత్తాత. కారణం చెప్పమని సంస్థవాళ్ళు నన్ను మర్యాదగానే అడిగారు. ఉన్నది చెబితే తర్వాతి పని ఇవ్వరని భయపడ్డాను. "నకలు రాసినాయన పెద్దవారు, పొరపాటున వదిలేశారు" అని జవాబిచ్చాను. వాళ్ళు ఆ ముక్కని అలాగే తమ ఫైల్లో నమోదు చేసుకున్నారు. బాబాయిగారికి ఫోన్ చేసి పని అయిపోయిందని చెప్పాను.

ఆ తర్వాత రెండేళ్ళు ఆయన ముఖం చూడలేదు. ఒకరోజు బందరు బస్టాండులో ఎదురుపడ్డారు. చేతిలో హల్వా పొట్లం ఉంది. "మీ అమ్మాయిలకియ్యి" అని నా చేతిలో పెట్టేశారు. బాగా తగ్గిపోయారు.

"ఇప్పుడెవరికైనా చదివిపెడుతున్నారా బాబాయిగారూ?"

"లేదయ్యా, మానేశాను. కళ్ళమీద నమ్మకం పోయింది. ఆఫీసు ఉత్తరం చూసి నాగమణి చెప్పిందిలే, చివరి జాబితాలో ఏడు పేర్లు వదిలేశానట. ఒకటి కాదు, ఏడు! ఇద్దరు డాక్టర్లకి చూపించుకున్నాను. ఇద్దరూ కళ్ళు బాగానే ఉన్నాయన్నారు. మరి ఎలా పోయాయో తెలియడం లేదు."

ఆయన్ని పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పేశాను. "మీరు వదల్లేదు. నేను తీసేశాను. మీరు వదిలేశారని వాళ్ళకి రాశాను."

చెంప మీద కొడతారనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి, ఎదురుగా ఆగివున్న బస్సు బోర్డు చదివారు. "కూచిపూడి, మొవ్వ" అన్నారు. పెట్టుకుని మళ్ళీ చదివారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. చుట్టూ జనం చూశారు.

"అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట! హమ్మయ్య! రెండేళ్ళు నన్ను చంపావు కదయ్యా ప్రొప్రయిటరూ!"

తిట్టు అదొక్కటే. తర్వాత లేచి నిలబడి, ఆఫీసులో పై అధికారి చెప్పినట్టు చెప్పారు. "రెండు పనులు చెయ్యి. నేను రాసిన నకలు ఉందా? ఉంటే ఆ ఏడు పేర్లూ పంపు. ఎవరు తీసేశారో అది కూడా రాయి. రాసి, దాని నకలు నాకు తెచ్చి చూపించు."

మొదటి పని వారంలో చేశాను. రెండోది చేయలేదు. "సాంకేతిక లోపం వల్ల పేర్లు పోయాయి, జతచేస్తున్నాం" అని రాశాను. బాబాయిగారితో మాత్రం రాశానండీ అన్నాను. ఆయన నమ్మారో లేదో తెలియదు. మళ్ళీ పాత దస్తావేజులు చదివిపెట్టడం మొదలుపెట్టారు, మనిషి తేరుకున్నారు. ఎప్పుడు కలిసినా కాఫీ చేతికిచ్చి, "నకలు తెచ్చావా?" అనేవారు. "ఈసారి తెస్తానండీ" అనేవాణ్ణి. "సరేలే, తొందరేముంది" అనేవారు. నాలుగేళ్ళు అలా గడిచాయి. పోయిన నెల ఆసుపత్రిలో చూడ్డానికెళితే ఆ మాట అడగలేదు. అడగనందుకు నాకు తేలికగా అనిపించింది. ఆ తేలికదనానికే ఇప్పుడు ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

పొద్దున ఆ అట్ట చేతిలో పట్టుకుని కూర్చున్నప్పుడు ఇదంతా వరుసగా గుర్తొచ్చింది. అప్పుడు ఎర్రగీతలు పోవాలని ఇన్‌ఛార్జిలని తీసేశాను. ఇప్పుడు గౌరవం పేరుతో ఇన్‌ఛార్జి అన్న మాట తీసేశాను. పదవి లేకుండానే పని చేసినవాళ్ళ కోసం అంత వెతికిన మనిషికి, లేని పదవి తగిలించి పంపిస్తున్నాను.

ప్రెస్సుకి ఫోన్ చేశాను. "మధ్యాహ్నం మూడింటికి మెషీనెక్కిస్తాం సార్" అన్నాడతను.

"ఎక్కించొద్దు. నేను కొట్టేసిందే ఉంచండి, రాసింది తీసేయండి."

"మూడు వారాలు ఇన్‌ఛార్జి అనా? జనం నవ్వుతారేమో సార్."

"నవ్వనివ్వండి."

తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని ఆ దీవివాళ్ళకి ఉత్తరం రాశాను. నాలుగే వాక్యాలు. నాలుగు వాక్యాలకి గంటన్నర పట్టింది. పని పోతే పోతుంది. ఉత్తరం నకలు ఒకటి ప్రింటు తీసుకుని, అట్టతోపాటు సంచీలో వేసుకుని, మధ్యాహ్నం బండికి మళ్ళీ బందరు బయల్దేరాను.

ప్రెస్సులో ప్రూఫు తీసుకుని పరాసుపేట చేరేసరికి ఆరున్నర అయింది. మనం తలుపులు వేసే వేళకి ఆ దీవిలో ఆఫీసులు తెరుస్తారు. "వాళ్ళ పొద్దు మన సాయంత్రం" అని బాబాయిగారు నాగమణికి బత్తాయిపండు తిప్పి చూపించేవారు. గుమ్మంలో చెప్పులు విడుస్తుండగా ఫోన్లో మెయిలు చప్పుడైంది. దీవి నుంచి జవాబు. రెండు ముక్కలే. ఫైల్లోని ఆ వాక్యం ఈరోజే మారుస్తున్నామని, చెప్పినందుకు కృతజ్ఞతలని. ఆ మేకుల గుమాస్తా మునిమనవరాలికి కూడా మా పెద్దాయన సంగతి రాస్తారట.

అమ్మాయికి అంతా చెప్పాను, పొద్దున కార్డు నుంచి వెనక్కి ఏడేళ్ళూ. ప్రూఫు చూసి ఆమె చిన్నగా నవ్వింది.

"మార్చకపోతే నేనే రేపు ప్రెస్సుకెళ్ళేదాన్ని అన్నయ్యా. నువ్వు బాధపడతావని పొద్దున ఊరుకున్నా" అంది. తర్వాత నా చేతిలో రెండో కాగితం చూసింది. "అదేంటి?"

"నకలు. నాన్నగారు అడిగింది."

ఆమెకి ఆ మాట తెలుసు. లోపలికెళ్ళి తండ్రి ఫైలు తెచ్చింది, గుడ్డ తాడుతో కట్టినది. కింద చాప మీద కూర్చుంది. "ఊరికే ఎలా పెట్టేస్తాం? సరిచూడొద్దూ? నువ్వు ఫోన్లో మూలం పట్టుకో. నేను చదువుతా."

అది ఆయన పద్ధతికి తిరగేసినట్టే, నకలు చదివి మూలం చూడటం. ఆ మాట నేను అనలేదు. అట్ట ఇచ్చాను. ఆమె దాన్ని కాగితం మీద పెట్టి మొదటి వరుస చదివింది. నేను ఉంది అన్నాను. రెండో వరుస. ఉంది. మూడో వరుసకి అట్ట జరిపింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో తనకి తానే చెప్పుకుంటున్నట్టు మెల్లగా చదివింది.

"ఆ ఏడు పేర్లు తీసేసింది నేను, కామా. నకలు రాసినాయన ఒక్కటి కూడా వదల్లేదు."

అట్టని వేలితో గట్టిగా అదిమిపట్టుకుంది.

"ఫుల్‌స్టాప్" అంది.

నేను చూశాను.

"ఉంది" అన్నాను.